పూతరేకుల వ్యాపారం పెడుతున్న చిన్నోడికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ వచ్చి కూర్చుని, "అక్కా, వీడు పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతాడట, పేరు పెట్టేశాడట, డబ్బా మీద బొమ్మ కూడా గీయించాడట" అని చెప్పింది. చెప్పేటప్పుడు దాని మొహం చూడాల్సింది. నీకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత వెలిగిపోలేదు. నాకూ గర్వంగానే ఉంది. చదువుకున్న పిల్లలు రేకుల పనంటే పొగ, మసి అని దూరంగా జరిగేవాళ్ళు. సంబంధాలకి వచ్చినవాళ్ళ ముందు రేకులు తీసే కుండలు దాచిన ఇళ్ళు కూడా మన ఊళ్ళో ఉన్నాయి. అలాంటిది నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని దీన్ని పదిమందికీ చూపిస్తానంటున్నావు. బాగుంది.

ఆ రాత్రి మాత్రం నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అంటూ ఇంకేదో టైప్ చేస్తూ ఉంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. కోడలు ఫోటోలు తీసి పంపుతుంది. తీరిగ్గా చదువు.

కాగితాల సంగతి ముందు కానిచ్చేస్తా. తినే వస్తువు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, వాళ్ళ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క డబ్బా కూడా గుమ్మం దాటకూడదు. వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు, తయారైన తేదీ, ఎన్నాళ్ళలోపు తినాలో, ఏమేం వేశామో, బరువు, ఎమ్మార్పీ, శాకాహారమని చూపే పచ్చచుక్క, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, అన్నీ లేబుల్ మీద ఉండాలి. ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని నీ ఫ్రెండ్ ఎవరో చెప్పాడట. అది మన రాష్ట్రంలోనే అమ్ముకునేవాళ్ళ మాట. సరుకు తయారయ్యేది ఆత్రేయపురంలో, కొనేవాళ్ళు హైదరాబాదులో. 2014 నుంచి అది పక్క రాష్ట్రం. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే మొదటి డబ్బా నుంచే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. రావులపాలెంలో మా ఆడిటర్ గారున్నారు, వచ్చినప్పుడు ఒక పూట ఆయన దగ్గర కూర్చో.

ఇంకొకటి. 2023లో మన పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది. వచ్చింది కదా అని ఆ ముద్ర ఎవరు పడితే వాళ్ళు వేసుకోకూడదు, దానికి వేరే పేరు నమోదు చేయించుకోవాలి. రేపు ఆర్డర్లు ఎక్కువై, కూకట్‌పల్లిలో ఎవరిచేతో రేకులు తీయించి పైన ఆత్రేయపురం అని వేశావంటే మాత్రం, ఎంత పెద్దవాడివైనా చెవి మెలేస్తా.

క్యాష్ ఆన్ డెలివరీ పెట్టకు. చీర తిరిగొస్తే ఇంకొకరికి అమ్ముకోవచ్చు, పూతరేకు తిరిగొస్తే మనం తినాల్సిందే.

ఇప్పుడు నీకు తెలియని మాట చెబుతా. పూతరేకు బరువుండదు కానీ చోటు తింటుంది. కొరియర్ వాళ్ళు తూకం ఒక్కటే చూస్తారనుకుంటున్నావేమో. చాలామంది పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ వచ్చిన అంకె, అసలు తూకం, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో కిలో సరుకు పెట్టినా 3 కిలోల ఛార్జీ పడుతుంది. కోడలు వాట్సాప్‌లో ఆర్డర్లు మొదలెట్టిన కొత్తల్లో చూడముచ్చటగా పెద్ద పెట్టెలు చేయించింది. నెల తిరిగేసరికి కొరియర్ బిల్లు చూసి మా వాడు మాట్లాడలేదు. నువ్వు బొమ్మ గీయించే ముందే టేపు పట్టుకుని కొలవాల్సింది. ఇంకా అచ్చు వేయించకపోతే ఆపు. ముందు పూతరేకు సైజు, డజను పేర్చితే ఎంత చోటు పడుతుందో చూసుకుని, దాన్నిబట్టి పెట్టె చేయించు.

పెట్టెలో సరుకు కదిలిందంటే అవతలివాళ్ళకి చేరేది పొడే. ఒక్కోటి బటర్ పేపర్లో చుట్టి, సందుల్లో కాగితం కుక్కి, మూసేసిన పెట్టెని నడుమెత్తు నుంచి నేల మీద పడెయ్యి. ఒక మూల మీద ఒకసారి, బోర్లా ఒకసారి. విప్పి చూడు. నీ చేత్తో పడెయ్యడానికి మనసొప్పకపోతే పక్కింటి పిల్లాడికివ్వు. వానాకాలం వస్తే వేరే గొడవ. తేమ తగిలితే రేకు మెత్తబడి నోట్లో సాగుతుంది. ఎండల్లో నెయ్యి ఓడి కాగితానికి అంటుతుంది. అందుకని ఎన్నాళ్ళు నిలవుంటుందో ఎవరో చెప్పింది రాయకు. తీసిన ప్రతి వాయిలోంచీ ఒక డబ్బా నీ అల్మరాలో పెట్టుకుని, రోజు విడిచి రోజు ఒకటి తిని చూడు. రుచి ఎప్పుడు తగ్గుతోందో తెలుస్తుంది. అంతకంటే నాలుగు రోజులు ముందు తేదీ వెయ్యి.

ఖాళీ రేకులు కూడా అమ్మకానికి పెట్టు. దీని మీద నాకు చాలా నమ్మకం. నెయ్యి, పంచదార తగలని రేకు పొడిగా ఉంచితే చాలాకాలం పాడవదు, పంపడం సులువు. దూరాన ఉన్న మనవాళ్ళు పండగ రోజు ఇంట్లోనే తడిగుడ్డ మీద రేకు పరిచి, బెల్లమో పంచదారో చల్లుకుని, వాళ్ళ నెయ్యి రాసుకుని చుట్టుకుంటారు. పిల్లలకి ఆటలా ఉంటుంది. ఎలా చుట్టాలో మీ అమ్మ చేతులు కనపడేలా చిన్న వీడియో తియ్యి. మొహం వద్దు, దానికి సిగ్గు.

ఇక అసలు విషయానికి వస్తా. మీ అమ్మని నేను అడిగాను, డబ్బా ఎంతకి అమ్ముతాడే అని. చెప్పింది. ఆ ధర ఎలా వచ్చిందే అన్నాను. "బియ్యం, పంచదార, నెయ్యి, జీడిపప్పు, డబ్బా, కొరియర్, పైన కొంత లాభం వేశాడు అక్కా" అంది. మరి నీ కూలో అన్నాను. నవ్వింది. "నా కొడుక్కి నేను చేస్తుంటే నాకు కూలేంటి?"

నాకు నిద్ర పట్టనిది అందుకే.

మీ పెదనాన్న వ్యాపారం నీకు పూర్తిగా తెలియదు. నువ్వు పుట్టేసరికే ఆయన రోడ్డు మీద దుకాణం పెట్టుకుని స్థిమితపడ్డాడు. దానికి ముందు జరిగింది మేము పిల్లల ముందు మాట్లాడుకోలేదు. ఆయన మంచివాడు, కష్టపడేవాడు, లెక్కలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. ఇప్పటికీ ఆ పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పట్నంలో ఒక స్వీట్ల దుకాణం ఆయనతో వారానికి ఇన్ని వందలని ఖాతా కుదుర్చుకున్నారు. జయ రకం బియ్యం ఇంత, పంచదార ఇంత, నెయ్యి ఇంత, కొబ్బరాకుల మోపు ఇంత, బస్సు ఛార్జీ ఇంత అని కూడి, పైన కొంత వేసి ధర చెప్పాడు. మిగతావాళ్ళకంటే తక్కువ. దుకాణం వాళ్ళు ఎగిరి గంతేశారు. ఈయన కూడా వారం వారం డబ్బు మిగులుతోందని పొంగిపోయేవాడు.

ఆ మిగిలేది లాభం కాదు రా. మా అత్తగారిదీ నాదీ కూలి. తెల్లవారుజామున నాలుగింటికి కుండ దగ్గర కూర్చునేదాన్ని. బోర్లించిన కుండ కింద ఆకు మంట, పక్కన గిన్నెలో పల్చటి పిండి. గుడ్డ రెండు కొసలు పట్టి పిండిలో ముంచి కుండ మీద ఇలా లాగితే రేకు పడుతుంది, చిటపటమంటూ క్షణంలో ఆరుతుంది, అంచు ఎత్తి తీసేయాలి. మంట తగ్గితే అతుక్కుపోతుంది, ఎక్కువైతే మాడుతుంది. ఒక చెయ్యి మంటలోకి ఆకు తోస్తూనే ఉండాలి. పొగకి కళ్ళు నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. మా అత్తగారు పక్కన కూర్చుని చుట్టేది. ఆ పుస్తకంలో కొబ్బరాకు మోపుకి లెక్కుంది, మా ఇద్దరికీ లేదు.

ఆయన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ రోజుల్లో అందరిళ్ళలోనూ అంతే. కానీ ఖాతా పెరిగింది. దుకాణం వాళ్ళు రెట్టింపు అడిగారు. ఈయన సంబరంగా ఒప్పుకుని వచ్చి, వీధిలోంచి ఇద్దరు ఆడవాళ్ళని రేకులు తీయడానికి పిలిచాడు. వాళ్ళు మాత్రం ఊరికే ఎందుకు చేస్తారు? వందకింత అని కూలి. ఆ వారం నుంచి డబ్బు మిగలడం మానేసింది. ఎంత ఎక్కువ పంపితే అంత నష్టం. ఈయనకి అర్థం కాలేదు. బియ్యం దొంగతనం జరుగుతోందేమోనని కొలతలు మొదలెట్టాడు. ఆ ఆడవాళ్ళని అనుమానించాడు, పాపం, ఒకామె ఏడ్చి మానేసింది. ఈలోగా మా అత్తగారికి చూపు మందగించింది, మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ చోట్లో ఇంకొకరిని పెట్టాల్సి వచ్చింది. అప్పటిగ్గానీ తెలియలేదు, ఇన్నాళ్ళూ ఆ ఖాతాని నడిపింది ఆవిడ చేతులని.

ధర పెంచుదామని వెళితే దుకాణం వాళ్ళు, "ఇన్నాళ్ళూ ఇదే ధరకి ఇచ్చారుగా, అప్పుడు గిట్టి ఇప్పుడెందుకు గిట్టదు?" అన్నారు. వాళ్ళనీ అనడానికి లేదు. ఒప్పుకున్న సరుకు ఇవ్వడానికి నా గాజులు బ్యాంకులోకి వెళ్ళాయి. పెళ్ళిళ్ళ సీజను అలా గడిపి, చివరికి ఖాతా వదిలేసి, రావులపాలెం హైవే మీద బల్ల వేసుకుని మొదటి నుంచి మొదలెట్టాం. ఆ బల్ల దగ్గర ధర నేను చెప్పాను. అందులో నా కూలి కూడా వేశాను. అవతలి బల్ల కంటే ఎక్కువే ఉండేది. కొనేవాళ్ళు కొన్నారు, వెళ్ళేవాళ్ళు వెళ్ళారు.

అందుకని నీకు చెప్పేది ఒక్కటి. ఈసారి వచ్చినప్పుడు మీ అమ్మ పక్కన గడియారం పెట్టుకుని కూర్చో. గంటకి ఎన్ని రేకులు తీస్తోంది, అందులో ఎన్ని చిరుగుతున్నాయి, ఎన్ని చుడుతోంది రాసుకో. ఊళ్ళో తీసేవాళ్ళకి వందకి ఎంతిస్తున్నారో, చుట్టేవాళ్ళకి ఎంతో కనుక్కో. అంతా మీ అమ్మ పేరున ధరలో వెయ్యి. ఆర్డర్లు చూసుకుంటూ రాత్రి రెండింటిదాకా మేలుకునే నీ కూలి కూడా వెయ్యి. పేమెంట్ యాప్ వాళ్ళు నూటికి రెండు రూపాయల దాకా పట్టుకుంటారు, అదీ వెయ్యి. విరిగినందుకు మళ్ళీ పంపాల్సిన డబ్బాలు కొన్ని ఉంటాయి, వాటి ఖర్చూ వెయ్యి. అప్పుడొచ్చిన ధర చూసి నీకు గుండె గుభేలుమంటే, కొనేవాళ్ళు ఉన్నారో లేరో ఇరవై డబ్బాలతో తెలుసుకో, రెండొందలతో కాదు. మొదట్లోనే తక్కువకిచ్చి, తర్వాత పెంచుకోవచ్చులే అనుకోకు. డిస్కౌంట్ ఇవ్వాలనిపిస్తే పండగ పేరు చెప్పి, ముగిసే తేదీ వేసి ఇవ్వు.

రీల్స్ చేసేవాళ్ళకి ఫ్రీగా డబ్బాలు పంపుతావట. పంపు, కానీ అవి కూడా మీ అమ్మ చేతులే చేయాలని గుర్తుపెట్టుకో.

ఒక్కరోజులో వెయ్యి ఆర్డర్లు వస్తే ఏం చేస్తావో ఆలోచించావా? మీ కాలం పిల్లలు దాన్ని వైరల్ అంటారు, పండగ చేసుకుంటారు. నాకైతే ఆ మాట వింటేనే భయం. కుండ ఒక రోజుకి ఎన్ని రేకులిస్తుందో అన్నే ఇస్తుంది. అందుకే రోజుకి ఇన్ని డబ్బాలే అని ముందే రాసి పెట్టు. అవి అయిపోతే "రేపు రండి" అని కనపడాలి. సైటులో అలా పెట్టడం కష్టమేం కాదని కోడలంది. అసలు సైటు ఇప్పుడే ఎందుకు? వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఊరికే పెట్టుకోవచ్చు. సంక్రాంతి దాకా దాంతో నెట్టుకురా, అప్పటికీ ఊపిరాడనంత పని ఉంటే సైటు చేయించుకో.

అప్పు గురించి పెద్దగా చెప్పను, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోనులో 50 వేల దాకా శిశు అని చిన్నది ఉంది, దానికి మించి మొదటి ఏడాది ముట్టుకోకు. బంగారం జోలికి అసలు పోకు. ఉద్యోగం మానేస్తానని మీ నాన్నతో అన్నావట. ఆయన పైకి ఏమీ అనకపోయినా రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఏడాది ఆగు.

మీ అమ్మ నీకు చెప్పని మాట నేను చెబుతున్నా, నేను చెప్పానని అనకు. దానికి కుడికన్ను ఎర్రబడుతోంది, సాయంత్రమైతే నలుపుకుంటూనే ఉంటోంది. పొగ బయటికి పోయేలా పెరటి పాకకి గొట్టం వేయించు. డబ్బాకి బొమ్మ గీయించడం కంటే ముందు అది. కూర్చోవడానికి ఎత్తు పీట చేయించు, నేల మీద కూర్చుంటే మోకాళ్ళు ఏమవుతాయో మా అత్తగార్ని చూశాను, ఇప్పుడు నన్ను నేను చూసుకుంటున్నా. రేకులు తీయడానికి ఇంకో మనిషిని మొదటి నెల నుంచే పెట్టు. మీ అమ్మ వద్దంటుంది. పెట్టు.

నెల నెలా కూలి దాని ఖాతాలోనే వెయ్యి. మీ నాన్న ఖాతాలో వేస్తే ఎరువులకి పోతుంది. చేతికిస్తే నీకే చొక్కా కొని పంపుతుంది.

ధర వేసిన కాగితం అచ్చుకి పంపే ముందు నాకు ఫోటో తీసి పంపు. కొత్త కళ్ళజోడు వచ్చింది, చిన్న అంకెలు కూడా కనపడుతున్నాయి. మొదటి ఆర్డరు నాదే, రెండు డజన్లు బెల్లంవి. పూర్తి ధరకే తీసుకుంటా, పెద్దమ్మనని తగ్గించకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ