పది బైట్ల అలారమ్, మా నాయన జనరేటర్

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: "క్లౌడ్ సర్వర్లకు ఆటోమేటిక్ అలారమ్‌లు పెట్టాలనుకుంటున్నాను. ఏ మెట్రిక్‌కి పెట్టాలి, ఎంత దగ్గర గీత గీస్తే మంచిది?"

మెట్రిక్ అంటే సర్వర్ గురించి కొలిచే అంకె, గీత అంటే ఆ అంకె ఎక్కడికి చేరితే అలారమ్ మోగాలన్న హద్దు. వాటి సంగతి తర్వాత చూద్దాం. పెట్టిన అలారమ్‌ని మీ చేత్తో మీరు ఎప్పుడన్నా మోగించి చూశారా? చాలామంది చూడరు. నా దగ్గర లెక్కలేమీ లేవు గానీ, ఈ మాట మీద ఎవరితోనైనా పందెం కాస్తాను. నేనూ చూడలేదు. ఐదు నెలలు చూడలేదు.

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి ఊరికి వచ్చేశాను. మాది నెల్లూరు జిల్లా, అల్లూరు పక్కన. మా నాయనకి మూడు రొయ్యల గుంటలున్నాయి, వనామీ రకం రొయ్య వేస్తాడు. కాపలా మనిషి సెలవు పెట్టినప్పుడల్లా రాత్రిళ్లు గుంటల దగ్గర షెడ్డులో మేమిద్దరమే పడుకునేవాళ్లం. మొదటి రెండు రాత్రులు ఏరియేటర్ల (నీళ్లు కొట్టి గాలి కలిపే ఫ్యాన్ల) మోతకి నాకు కన్ను మూతపడలేదు. మూడో రాత్రి మోత మధ్యలోనే నిద్రపోయాను. తెల్లారుజామున ఎప్పుడో మెలకువ వస్తే పక్క మంచం ఖాళీ, చుట్టూ చీకటి, నిశ్శబ్దం. కరెంటు పోయింది. నాకు విషయం అర్థమయ్యేలోపే అవతల జనరేటర్ దగ్గుతూ లేచింది, ఫ్యాన్లు మళ్లీ నీళ్లు కొట్టడం మొదలుపెట్టాయి. మోత ఆగిన మరుక్షణం ఆయన లేచి వెళ్లిపోయాడు. అలారమ్ లేదు, ఫోన్ లేదు. నీళ్లలో ఆక్సిజన్ తెల్లారబోయే ముందే అడుగంటుతుంది, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా రొయ్యలతో పోటీపడి పీలుస్తుంది. ఆ టైములో ఫ్యాన్లు గంటో గంటన్నరో ఆగితే రొయ్యలు పైకి తేలడమే, పంట పోవడమే.

నాకు అసలు వింతగా అనిపించింది ఇంకొకటి. సాయంత్రం ఆరున్నరకి, కరెంటు నిక్షేపంగా ఉండగా, మా నాయన మెయిన్ లాగేసేవాడు. ఫ్యాన్లన్నీ ఆగిపోయేవి. జనరేటర్ వేసి, లైను కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ తిప్పి, మూడు గుంటల గట్ల మీదా నడిచి ప్రతి ఫ్యానూ తిరుగుతుందా అని చూసి, మళ్లీ కరెంటు మీదకి మార్చేవాడు. వారానికి రెండుసార్లన్నా ఈ తతంగం ఉండేది.

"ఎందుకు నాయనా ఇదంతా? జనరేటర్ ఒకసారి స్టార్ట్ చేసి చూస్తే చాలదా?" అన్నాను.

"ఇంజను తిరగటం వేరురా అబ్బయ్యా, ఫ్యాన్లు తిరగటం వేరు" అన్నాడు. అంతకు రెండేళ్ల ముందు చేంజోవర్ స్విచ్‌లో కాంటాక్టు కాలిపోయి ఉందట. ఇంజను బ్రహ్మాండంగా తిరుగుతోంది, కరెంటు మాత్రం గుంట దాకా రావట్లేదు. చీకట్లో అది కనిపెట్టేసరికి ఒక గుంట సగం పోయింది.

నేను విని వదిలేశాను. పెద్ద క్లౌడ్ ఇంజనీర్‌ని కదా.

ఇది జరిగిన పదిరోజులకి, పొద్దున ఐదు నలభైకి ఫోన్. ప్రకాశం జిల్లాలో పాలు సేకరించే ఒక సంస్థకి అప్పట్లో మేం సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లం. దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఊళ్లలో ముప్పై చిల్లర కేంద్రాలు. రైతు పాలు తెస్తాడు, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థం) మెషిన్ చెబుతుంది, ఆ అంకెలు అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) ముంబై రీజియన్‌లో ఉన్న మా డేటాబేస్‌కి వెళ్లి, రేటు కట్టి, స్లిప్పు బయటికి వస్తుంది. ఆ రోజు స్లిప్పు రావట్లేదు.

"బాబూ, జనం క్యాన్లు పట్టుకుని నిలబడున్నారు. పుస్తకంలో రాసుకోమంటారా?" అని అవతల సూపర్‌వైజర్. ఆయన గొంతు వెనక క్యాన్ల మూతల చప్పుడు, ఎవరో గట్టిగా అరుస్తున్న మాటలు వినిపిస్తున్నాయి. రాసుకోమన్నాను. అట్ల రాసుకున్న పుస్తకాల లెక్కలు సిస్టంలోకి ఎక్కించడానికి ఆ తర్వాత నాలుగు రోజులు పట్టింది. ఒక కేంద్రంలో అయితే ఫ్యాట్ గడిలో ఎస్ఎన్ఎఫ్ రాశారు. ఆ గొడవ వేరే.

లాగిన్ అయి చూస్తే ఆర్‌డీఎస్ (అమెజాన్ డేటాబేస్ సర్వీసు) స్టేటస్ దగ్గర 'స్టోరేజ్-ఫుల్' అని ఉంది. వంద జీబీ నిండిపోయింది. నింపింది మేమే. మెషిన్ నుంచి వచ్చే ప్రతి రీడింగ్‌నీ ముడిగా దాచుకునే లాగ్ టేబుల్ ఒకటి పెట్టి, దాన్ని ఖాళీ చేసే సంగతి మరిచిపోయాం. సరే, అదీ జరుగుతుంది. కానీ ఖాళీ జాగా తగ్గితే చెప్పడానికి నేను అమెజాన్ నిఘా సర్వీసు క్లౌడ్‌వాచ్‌లో అలారమ్ పెట్టానే! తెరిచి చూశాను. పచ్చగా 'ఓకే' అని మెరుస్తోంది. డిస్క్ నిండి డేటాబేస్ పడిపోయింది, అలారమ్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

రెండు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మెట్రిక్ సరైనదే, ఫ్రీస్టోరేజ్‌స్పేస్. డేటాబేస్ పేరు సరైనదే. కండిషన్ 'పది లేదా అంతకంటే తక్కువ'. పది అంటే పది జీబీ అనుకున్నాను. ఆ మెట్రిక్ బైట్లలో వస్తుంది. నేను పెట్టిన గీత పది బైట్ల దగ్గర ఉంది! పది జీబీ కావాలంటే ఆ గడిలో 10737418240 అని కొట్టాలి. నిండిపోయిన డిస్క్‌లో కూడా ఇంకా కొన్ని లక్షల బైట్లు మిగిలే ఉన్నాయి కాబట్టి, నా అలారమ్ లెక్కలో అంతా క్షేమమే.

డిస్క్‌ని నూట యాభైకి పెంచాను. ఎంత పడితే అంత పెంచనివ్వదు, కనీసం పది శాతం పెంచాలి. ఒకసారి పెంచాక కొన్ని గంటల దాకా మళ్లీ ముట్టుకోనివ్వకపోవచ్చు. అందుకే తొందరలో ఐదో పదో కలిపి ఊరుకోకండి. అది తేరుకుని లేచేసరికి పొద్దుటి పాలు పట్టడం అయిపోయింది.

ఆ మధ్యాహ్నం మీటింగ్‌లో మేనేజర్ గారు స్క్రీన్ షేర్ చేయమన్నారు. "అలారమ్ పచ్చగానే ఉందే?" అన్నారు. అవును సార్, అదే సమస్య అన్నాను. మీటింగ్ ఫలితం ఏమిటంటే కనిపించిన ప్రతి మెట్రిక్‌కీ అలారమ్ పెట్టమన్నారు. పెట్టాం. రోజుకి వందల మెయిల్స్ రావడం మొదలైంది. టీమ్‌లో ప్రతివాడూ ఫిల్టర్ పెట్టుకుని వాటిని ఒక ఫోల్డర్‌లో పాతిపెట్టాడు. రెండు వారాల్లో మళ్లీ మొదటికొచ్చాం.

స్లిప్పులు ఆగిన రోజు రాత్రే అన్నం దగ్గర ఈ కథంతా మా నాయనకి చెప్పాను. బైట్లు, జీబీలు ఆయనకి పట్టలేదు. ఒకటే అడిగాడు: "నువ్వు కట్టిన గంట ఎప్పుడన్నా మోగించి చూసినావా?"

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. మోగించి చూడటంలో కూడా రెండు రకాలున్నాయి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కమాండ్ లైన్‌లో సెట్-అలారమ్-స్టేట్ అని ఒకటుంది. అది అలారమ్‌ని బలవంతంగా ఎర్రగా మార్చేస్తుంది, మీకు మెయిల్ వస్తుంది, కాసేపటికి అదే అసలు స్థితికి తిరిగి వెళ్తుంది. మెయిల్ దారి బాగుందో లేదో తెలియడానికి అది చాలు. కానీ నా పది బైట్ల అలారమ్‌ని ఆ రకంగా పరీక్షించినా చక్కగా మెయిల్ వచ్చేది, నేను హాయిగా పడుకునేవాణ్ణి. అది ఇంజను తిరగటం. ఫ్యాన్లు తిరగటం చూడాలంటే గీతనే జరపాలి. ఇప్పుడు నలభై జీబీ ఖాళీ ఉందనుకోండి, గీతని నలభై ఐదు జీబీకి పెట్టి, నిజంగా ఎర్రబడేదాకా కూర్చోండి. ఆ అంకె గడిలో కొట్టేటప్పుడే బైట్ల సంగతి బయటపడుతుంది. చూశాక మళ్లీ వెనక్కి జరపడం మరవొద్దు, నేను ఒకసారి అదీ మరిచాను.

మెయిల్ దారి అన్నాను కదా. అలారమ్ ఎస్ఎన్ఎస్ టాపిక్‌కి (అమెజాన్‌లో కబుర్లు పంచే జాబితా లాంటిది) చెబుతుంది, టాపిక్ మీ మెయిల్‌కి పంపుతుంది. మొదట్లో వచ్చే కన్ఫర్మేషన్ లింక్ మీరు నొక్కకపోతే అది పెండింగ్‌లోనే ఉంటుంది, ఒక్క మెయిల్ కూడా రాదు. మా టాపిక్‌లో ఉన్న రెండు అడ్రసుల్లో ఒకటి ఉద్యోగం మానేసినవాడిది, రెండోది పెండింగ్. అంటే గీత సరిగ్గా ఉన్నా ఆ రోజు మాకు కబురు అందేది కాదు. ఇంకోటి, స్థితి మారినప్పుడే కబురు వస్తుంది. ఎర్రగా మారినప్పుడు ఒకసారి పంపి ఊరుకుంటుంది, రాత్రంతా ఎర్రగా ఉన్నా మళ్లీ పంపదు. తెల్లారుజామున రెండింటికి వచ్చే ఆ ఒక్క మెయిల్‌ని ఎవరు చూస్తారు? ముఖ్యమైన రెండు మూడింటికి ఫోన్ మోగేలా చేసుకోండి, మిగతావి మెయిల్‌కి పోనివ్వండి.

ఇక ఎక్కడ చూసినా కనిపించే 'సీపీయూ ఎనభై శాతం దాటితే' అలారమ్. ఇదంటే నాకు ఒళ్లు మంట. ప్రతి వీడియోలో ఇదే మొదటి పాఠం. సీపీయూ ఎనభై దాటితే డబ్బులిచ్చి కొన్న మెషిన్ పని చేస్తోందని అర్థం, అంతే. పైగా చిన్న మెషిన్లలో ఇది మోసం చేస్తుంది. ఉదాహరణకి, అమెజాన్ అద్దెకిచ్చే చిన్న సర్వర్ టీ2 మైక్రో. దానికి సీపీయూ క్రెడిట్లుంటాయి (పని తక్కువగా ఉన్నప్పుడు కూడబెట్టుకుని, ఎక్కువైనప్పుడు ఖర్చు చేసే కోటా), అవి అయిపోతే పది శాతం దగ్గర తొక్కిపెడుతుంది. సైట్ నత్తలా పాకుతుంటుంది, జనం తిడుతుంటారు, గ్రాఫ్‌లో సీపీయూ మాత్రం పది చూపిస్తుంది. ఎనభై అలారమ్ జన్మలో మోగదు. అక్కడ పెట్టాల్సింది క్రెడిట్ బ్యాలెన్స్ మీద. మెమరీ, డిస్క్ ఎంత వాడారన్నది ఈసీ2 (అమెజాన్ సర్వర్ అద్దె సర్వీసు) తనంతట తాను చెప్పదు, సర్వర్‌లో క్లౌడ్‌వాచ్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి. వేశారనుకుని వేయని సర్వర్లు నేను బోలెడు చూశాను.

ఏజెంటే చచ్చిపోతే? డేటా రావడం ఆగిపోతుంది. మీరేమీ మార్చకపోతే అలారమ్ అప్పుడు 'ఇన్‌సఫిషియంట్ డేటా' అని ఒక మూల బూడిద రంగులో కూర్చుంటుంది, ఎవర్నీ లేపదు. అలారమ్ పెట్టేటప్పుడు చివర్లో 'మిస్సింగ్ డేటా ట్రీట్‌మెంట్' అని ఒక గడి ఉంటుంది. అందరూ దాన్ని దాటేస్తారు. ఎప్పుడూ డేటా పంపుతూ ఉండాల్సిన వాటికి అందులో 'బ్రీచింగ్' పెట్టండి. అప్పుడు డేటా ఆగినా గీత దాటినట్టే లెక్క. మోత ఆగగానే మా నాయన లేచినట్టు అదీ లేస్తుంది. అప్పుడప్పుడూ మాత్రమే డేటా వచ్చే మెట్రిక్‌లకి మాత్రం ఇది పెట్టొద్దు, ఊరికే అరుస్తుంది.

బిల్లు మీద అలారమ్ కావాలంటే ముందు బిల్లింగ్ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేయాలి. ఆ మెట్రిక్ ఉత్తర వర్జీనియా రీజియన్‌లోనే దొరుకుతుంది. ముంబైలో వెతికి వెతికి కళ్లు కాయలు కాయించుకోకండి. ఖర్చంటారా, మొదటి పది అలారమ్‌లు ఉచితం, తర్వాత ఒక్కోదానికి నెలకి పది సెంట్లు. నేను ఇప్పుడు చూసే సిస్టంలో ఉన్నవి ఏడే, పదిలోపే. ప్రతి నెలా మొదటి సోమవారం సాయంత్రం వాటి గీతలు ఒక్కొక్కటిగా జరిపి మోగిస్తాను. కొత్తగా చేరిన పిల్లలు నవ్వుకుంటారు.

పోయిన వేసవిలో మా గుంటలకి ఆక్సిజన్ సెన్సర్ పెట్టించమని నేనే పోరాను. నెల్లూరు నుంచి అమ్మే అతను వచ్చాడు. నీళ్లలో వేలాడే ప్రోబు, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) నాలుగు కంటే తగ్గితే ఫోన్‌కి కాల్ వస్తుంది, ముచ్చటగా ఉంది. మా నాయన అంతా విని, ప్రోబు చేతిలోకి తీసుకుని, తాడు పట్టి చూసి అడిగాడు.

"ఈ తాడు తెగి ఇది గట్టు మీద పడిందనుకో అబ్బాయ్, అప్పుడేం చెప్పుద్ది?"

అతను కాసేపు ఆలోచించాడు. "గాల్లో ఉంటే ఆక్సిజన్ నిండుగా చూపిస్తుందండీ."

"అంటే గుంటలో పంట పోతా ఉన్నా, ఇది గట్టు మీద కూర్చోని అంతా బాగుందని చెప్పుద్ది."

నేను అతనికి టీ పోశాను. ఇంకా కొనలేదు.