ఏడాదికి కొన్ని గంటలే కదా, ఆ పొగతో ఏమవుతుంది?

ప్రశ్న: మా ఇంటి వెనక డీజిల్‌తో నడిచే చిన్న బ్యాకప్ పవర్ ప్లాంట్ ఉంది. కరెంటు పోయినప్పుడు, మధ్యమధ్యలో టెస్టింగ్‌కి తప్ప ఆన్ చెయ్యరు. ఏడాదంతా కలిపినా కొన్ని గంటలే, ఆ పొగ లెక్కలోకి రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. లీటరు డీజిల్ కాలితే 2.6 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ లీటరుతో చిన్న ప్లాంట్ ఇచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు. అంటే యూనిట్‌కి ముప్పావు కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అయినా నడిచేదే కొన్ని గంటలు కాబట్టి ఏడాది మొత్తం మీద అది చిన్న లెక్కే.

కానీ మీరు పీల్చేది ఏడాది సగటుని కాదు, ఆ గంటలో వచ్చిన పొగని. అందులో సన్నని మసి ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. ఇంజిన్ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఈ ఆక్సైడ్లు పుడతాయి, అందుకే గంధకం తక్కువున్న మంచి డీజిల్ పోసినంత మాత్రాన అవి పోవు. పైగా చిన్న ప్లాంట్లకి పొగగొట్టం పొట్టిగా ఉంటుంది, గాలి ఆడని పూట పొగంతా ఇళ్ల మధ్యే తిరుగుతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది టెస్టింగ్ చేసే పద్ధతి. లోడ్ పెట్టకుండా ఊరికే తిప్పితే ఇంజిన్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలింది మసితో కలిసి గొట్టంలో నల్లటి జిడ్డులా పేరుకుంటుంది. ఇంజినూ పాడే, మీ ఊపిరితిత్తులూ పాడే. కొన్ని ప్లాంట్లకి యూరియాతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఏర్పాటు ఉంటుంది గానీ, పొగ సుమారు 200 డిగ్రీలు దాటితే గానీ అది పని మొదలుపెట్టదు.

అందుకే ఎన్ని గంటలన్న దాని మీద వాదన వద్దు, టెస్టింగ్ ఏ టైమ్‌లో, ఎంత లోడ్ మీద చేస్తున్నారో అడగండి. కనీసం మూడో వంతు లోడ్ పెట్టమనండి. తెల్లవారుజామున చల్లగాలి నేలనే పట్టుకుని ఉంటుంది, పొగ పైకి పోదు, అప్పుడు వద్దని చెప్పి గాలి వీచే పగటిపూటకి మార్పించండి. మసి ఫిల్టర్ ఉందో లేదో, గొట్టం మీ కప్పు కన్నా ఎత్తుగా ఉందో లేదో కూడా చూడండి.

ఇంకో మాట, ప్లాంట్ ఆన్ అయినప్పుడల్లా ఇంట్లో వాళ్లకి తలనొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి. అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు, దానికి వాసన ఉండదు. అందరూ వెంటనే బయటికి వచ్చేసి, ప్లాంట్ ఆపించి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.