జాక్ పోర్ట్ చూసుకోబోతున్న అబ్బాయికి

నాయనా,

ప్రోగ్రాముల శబ్దాన్ని అతి తక్కువ ఆలస్యంతో సౌండ్ కార్డుకి చేర్చే ఆడియో సర్వర్ జాక్2 కదా, దాన్ని ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిపే పోర్ట్ నువ్వు చూసుకుంటానన్నావని తెలిసింది, సంతోషం. కంపైల్ అయిపోయిందని సంబరపడకు, అసలు పని అక్కడే మొదలవుతుంది.

48,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48,000 ఫ్రేముల (ఒక్కో క్షణపు శబ్దపు కొలతల) చొప్పున, పీరియడ్‌కి (ఒక్కో విడతకి) 128 ఫ్రేములు పెట్టావనుకో. ప్రతి 2.67 మిల్లీసెకన్లకీ సర్వర్ లేవాలి, తగిలించుకున్న ప్రోగ్రాములన్నిటి చేతా పని చేయించాలి, కార్డుకి శబ్దం అందించాలి. ఒక్కసారి ఆలస్యమైతే స్పీకర్లో టక్‌మంటుంది, లాగ్‌లో ఎక్స్‌రన్ (గడువు తప్పిందన్న గుర్తు) పడుతుంది. సగటు వేగం చూపించి లాభం లేదు. పురోహితుడు మామూలుగా వేళకే వస్తాడంటే ముహూర్తం దాటిన పెళ్లివాళ్లు ఊరుకుంటారా?

అందుకే ముందు రియల్‌టైమ్ ప్రయారిటీ, అంటే మిగతా పనులకన్నా ముందు సీపీయూ దొరికే హక్కు సంగతి తేల్చు. లినక్స్‌లో ఆడియో గ్రూపుకి పరిమితులు పెంచితే సరిపోతుంది. ఇక్కడ మ్యాక్ ప్రయారిటీ (mac_priority) అనే కెర్నెల్ మాడ్యూల్ లోడ్ చేసి, యూజర్ని రియల్‌టైమ్ గ్రూపులో చేర్చాలి. మెమరీ లాక్ పరిమితి (డిస్క్‌కి పోకుండా ర్యామ్‌లోనే ఎంత మెమరీ పట్టి ఉంచొచ్చో ఆ హద్దు) కూడా చూడు. ఇదంతా ఇన్‌స్టాల్ అవగానే కనిపించే మెసేజ్‌లో రాసిపెట్టు, నీకొచ్చే ఫిర్యాదులు చాలా తగ్గుతాయి.

తర్వాతది ఓఎస్ఎస్, అంటే ఫ్రీబీఎస్‌డీ సౌండ్ వ్యవస్థ. అక్కడ కెర్నెలే వర్చువల్ ఛానెళ్లతో శబ్దాలు కలుపుతుంది, శాంపుల్ రేటు మారుస్తుంది. బ్రౌజర్‌కి అది హాయి, మనకి తలనొప్పి. శబ్దాన్ని ఏమీ మార్చకుండా పంపే బిట్‌పర్ఫెక్ట్ ఆన్ చేస్తే ఆ మధ్యవర్తిత్వం పోతుంది. కానీ జాక్ పట్టుకున్న కార్డు మీద ఇక బ్రౌజర్ పలకదు. యూజర్‌కి ఈ మాట ముందే చెప్పు, లేకపోతే సౌండ్ పోయిందంటూ నీ మీద పడతారు.

ఎక్స్‌రన్ ఎక్కడో పట్టుకుందామని ప్రాసెస్ కాల్‌బ్యాక్‌లో (ప్రతి పీరియడ్‌కీ జాక్ పిలిచే ఫంక్షన్‌లో) ప్రింట్ పెట్టకు. ఆ ప్రింటే ఇంకో ఎక్స్‌రన్ తెస్తుంది. మాలాక్ (మెమరీ అడగడం), మ్యూటెక్స్ (థ్రెడ్ల మధ్య తాళం), ఫైల్ పనులూ అంతే. విలువల్ని రింగ్ బఫర్‌లో (చుట్టూ తిరుగుతూ నిండే తాత్కాలిక నిల్వలో) వేసి, వేరే థ్రెడ్ నుంచి రాయించు.

రెండు పీరియడ్లకి 5.33 మిల్లీసెకన్ల ఆలస్యమన్నది కాగితం లెక్క. కన్వర్టర్లు, యూఎస్‌బీ తినే సమయం అందులో లేదు. కార్డు అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి కేబుల్ వేసి జాక్ ఐఓడిలే అనే ప్రోగ్రాముతో అసలు ఆలస్యం కొలువు.

ఫ్యూటెక్స్ (థ్రెడ్లని ఆపి లేపే లినక్స్ సదుపాయం) లాంటి లినక్స్ సరుకుకి ప్రత్యామ్నాయం రాస్తే, దాన్ని ఫ్రీబీఎస్‌డీ ఫోల్డర్లోనే ఉంచు. అందరూ వాడే కోడ్ నిండా ఇఫ్‌డెఫ్‌లు (ఒక్కో సిస్టమ్‌కి వేరే కోడ్ ఎంచే షరతులు) చల్లితే అప్‌స్ట్రీమ్ వాళ్లు, అంటే అసలు జాక్ రాసేవాళ్లు తీసుకోరు, ప్రతి కొత్త వెర్షన్‌కీ ఆ బరువు నువ్వే మోయాలి. ఒక పాచ్‌కి (పంపే కోడ్ మార్పుకి) ఒకే పని. పంపేటప్పుడు కార్డు పేరు, శాంపుల్ రేటు, పీరియడ్, పాచ్‌కి ముందూ తర్వాతా వచ్చిన ఎక్స్‌రన్‌లు ఎన్నో తప్పకుండా రాయి.

ఆశీస్సులతో,
బాబాయి