తెరచాప పడవకు పాత కారు బ్యాటరీ వద్దు

మీరే కట్టుకున్న 18 అడుగుల ప్లైవుడ్ తెరచాప పడవలో పాత కారు బ్యాటరీ పెట్టవచ్చా అని అడిగారు. దయచేసి వద్దు. అది ఇంజిన్ స్టార్ట్ చేయడానికి తయారైనది. రాత్రంతా దీపాలు వెలిగిస్తే త్వరగా పాడవుతుంది. పడవ ఒరిగితే ఆమ్లం ఒలుకుతుంది, ఉప్పునీరు లోపలికి చేరితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

ఎల్ఈడీ దీపాలు, జీపీఎస్, ఫోన్లకు రాత్రికి సుమారు 11 ఆంపియర్-అవర్లు (బ్యాటరీ ఇచ్చే విద్యుత్తుకు కొలత) చాలు. బీఎంఎస్ (అతిగా ఛార్జ్ కాకుండా, పూర్తిగా ఖాళీ కాకుండా బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్న 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మూడు రాత్రులు నిశ్చింతగా నడుస్తుంది. దానికి తగిన ఛార్జరే కొనండి. బ్యాటరీని పడవ నడిమధ్యన, అడుగుభాగానికి దగ్గరగా, పడవ తలకిందులైనా కదలనంతగా పట్టీలతో బిగించండి.

అన్నిటికన్నా నాకు భయం ఫ్యూజు గురించే. అది బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు 18 సెంటీమీటర్లలోపే ఉండాలి. స్విచ్ బోర్డు దగ్గర మాత్రమే పెడితే, దారిలో తీగ ఒరుసుకుని షార్టయినప్పుడు అది కాపాడదు, చెక్క అంటుకుంటుంది. తీగలు తగరం పూసిన రాగివే వాడండి.