మొత్తం ఎంత అని అడిగే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ విశ్వవిద్యాలయం తరఫున ఒక సెమిస్టరు విదేశంలో చదివేందుకు ఎంపికయ్యావని తెలిసి చాలా సంతోషించాను. "మొత్తం ఎంత అవుతుంది మామయ్యా?" అని అడిగావు. ఒక అంకె వేసి పంపడం నాకు కష్టం కాదు గానీ, అది నీకు అంతగా అక్కరకు రాదు. ఒక విశ్వవిద్యాలయపు ఫీజుల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ తరువాత నా ఇద్దరు పిల్లలనూ ఇలాగే పంపించినవాడిని. డబ్బు చాలక చిక్కుల్లో పడినవారి కంటే, రావలసిన డబ్బు కట్టవలసిన తేదీ దాటిపోయాక చేతికందడం వల్ల చిక్కుల్లో పడినవారినే నేను ఎక్కువగా చూశాను. అందుచేత ఏ మొత్తాన్ని ఎవరికి, ఏ తేదీలోగా, ఏ కరెన్సీలో కట్టాలో ముందు తేల్చుకో.

మొదట ట్యూషన్ ఫీజు ఎవరికి కట్టాలో తెలుసుకోవాలి. రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంటే సాధారణంగా ఫీజు నీ సొంత విశ్వవిద్యాలయానికే కడతావు, అక్కడివారు తమ ఫీజును మినహాయిస్తారు. ఐరోపాలో 1987లో మొదలైన ఎరాస్మస్ అనే విద్యార్థుల మార్పిడి పథకం ఈ పద్ధతి మీదే నడుస్తోంది. దాని కింద వచ్చిన విద్యార్థి నుంచి అక్కడి విశ్వవిద్యాలయం ట్యూషన్ ఫీజు తీసుకోకూడదు. బీమా, విద్యార్థి సంఘం వంటి చిన్న రుసుములను మాత్రం స్థానిక విద్యార్థుల దగ్గర తీసుకున్నట్లే తీసుకోవచ్చు. ఒప్పందం లేకుండా నేరుగా చేరితే అక్కడి ఫీజంతా నీ మీదే పడుతుంది. మధ్యవర్తి సంస్థ ద్వారా వెళితే ఫీజు, వసతి, బీమా కలిపి ఒకే మొత్తం అడుగుతారు. అందులో ఏమేమి ఉన్నాయో విడివిడిగా రాయించుకో, ఎందుకంటే విమాన టికెట్టు, వీసా ఖర్చు, భోజనం చాలాసార్లు ఆ లెక్కలోకి రావు. "అక్కడ చదివే సెమిస్టరుకు ఇక్కడ కూడా ఫీజు కట్టాలా?" అన్న ప్రశ్నను ఈమెయిల్‌లోనే అడిగి, జవాబును దాచిపెట్టుకో. ఎవరో నోటిమాటగా చెప్పినది ఫీజుల విభాగంలో చెల్లదు. ఆ సంగతి ఎందరో పిల్లలకు నేనే చెప్పవలసి వచ్చింది, అది తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఆ తరువాత ఒక కాగితం తీసుకుని నెలల వారీగా రెండు వరుసలు గీయి. ఒక వరుసలో కట్టవలసినవి: సీటు ఖాయం చేసుకునే డిపాజిట్, వీసా రుసుము, బీమా, టికెట్టు, గదికి అడ్వాన్సు, మొదటి నెల అద్దె. రెండో వరుసలో రావలసినవి: ఇంటి నుంచి వచ్చేది, స్కాలర్‌షిప్, రుణం. ఖర్చులో పెద్ద భాగం నీవు విమానం ఎక్కకముందే పడుతుందనీ, స్కాలర్‌షిప్ మాత్రం చాలాచోట్ల నీవు అక్కడ చేరి హాజరైనట్లు పత్రం పంపిన తరువాతే వస్తుందనీ అప్పుడు నీ కళ్ళకే కనిపిస్తుంది. మా పెద్దమ్మాయి విషయంలో నేను చేసిన పొరపాటు అదే. స్కాలర్‌షిప్ మంజూరైనట్లు ఉత్తరం రాగానే డబ్బు చేతికి వచ్చినట్లే భావించాను. అది ఆమె అక్కడికి చేరిన ఏడు వారాలకు గానీ జమ కాలేదు. ఆ ఏడు వారాల అద్దెకూ తిండికీ నేను అధిక వడ్డీకి అప్పు తెచ్చాను, అక్కడ ఆ పిల్ల ఒక పూట తిని ఒక పూట మానేసిందన్న సంగతి తరువాత ఎప్పుడో తెలిసింది. ఆమెకు పట్టిన గతి నీకు పట్టకూడదు. కనీసం రెండు నెలల జీవన వ్యయాన్ని ఏ స్కాలర్‌షిప్‌తోనూ సంబంధం లేకుండా చేతిలో ఉంచుకునే బయలుదేరాలి.

వీసా కోసం చూపించే డబ్బును ఖర్చుపెట్టే డబ్బుతో కలిపి లెక్కించకు. బ్రిటన్ స్టూడెంట్ వీసాకు నిర్ణీత మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉన్నట్లు చూపించాలి. మధ్యలో ఒక్కరోజు నిల్వ తగ్గినా దరఖాస్తును తిరస్కరించవచ్చు. జర్మనీకి వెళ్ళేవారు చాలామంది బ్లాక్డ్ అకౌంట్ తెరుస్తారు. 2024 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన లెక్క ప్రకారం అందులో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, చేరిన తరువాత నెలకు 992 యూరోలు మాత్రమే తీసుకోనిస్తారు. ఖాతాలో అంత ఉంది కదా అని మొదటి నెలలోనే గది అడ్వాన్సుకు వాడుకుందామంటే కుదరదు. ఇటువంటి మొత్తాలు తరచుగా మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసేనాడు ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకో.

ఫీజుల జాబితాలో ఎక్కడా కనిపించని ఖర్చు ఒకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది అదే. అక్కడ చదివిన సబ్జెక్టుల క్రెడిట్లను ఇక్కడ గుర్తించకపోతే, తిరిగివచ్చాక అదే చదువును మళ్ళీ ఫీజు కట్టి చదవాలి, పట్టా ఒక సెమిస్టరు వెనక్కి పోతుంది. వెళ్ళేముందే ఏ సబ్జెక్టుకు బదులు ఏది లెక్కలోకి వస్తుందో రాయించి, మీ విభాగాధిపతి సంతకం తీసుకో. అక్కడికి వెళ్ళాక సబ్జెక్టు మార్చవలసి వస్తే, మార్చిన ప్రతిసారీ మళ్ళీ అనుమతి తీసుకో. ఇప్పుడు నీకు వస్తున్న స్కాలర్‌షిప్ విదేశంలో ఉన్న కాలానికి వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే అడుగు. కొత్తవాటి కోసం వెతకడానికి ముందు ఉన్నది చేజారకుండా చూసుకోవాలి.

డబ్బు పంపేటప్పుడు మధ్యలోని బ్యాంకులు తమ రుసుమును ఆ మొత్తం నుంచే కోసుకోవచ్చు. అప్పుడు విశ్వవిద్యాలయానికి కొద్దిగా తక్కువ చేరి, నీ పేరు మీద బకాయి మిగులుతుంది. అన్ని రుసుములూ పంపేవారే భరించే పద్ధతిలో పంపమని బ్యాంకులో చెప్పు. మారకపు రేటు పెరిగినా తట్టుకునేలా పదో వంతు అదనంగా లెక్క వేసుకో. అక్కడ కార్డు వాడేటప్పుడు యంత్రం ఏ కరెన్సీలో తీసుకోమంటావని అడిగితే ఆ దేశపు కరెన్సీనే ఎంచుకో; మన కరెన్సీని ఎంచుకుంటే సాధారణంగా ఎక్కువ పడుతుంది.

అక్కడ పని చేసి సంపాదించేదాన్ని ఈ లెక్కలో వేయకు. ఆరు నెలల లోపు చదువుకు బ్రిటన్‌కు విజిటర్‌గా వెళ్ళినవారు అసలు పని చేయకూడదు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చిన విద్యార్థులకు జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజుల వరకు అనుమతి ఉన్నా, ఒక్క సెమిస్టరు కోసం వెళ్ళినవారికి పని దొరికేసరికే సగం కాలం గడిచిపోతుంది. రుణం తీసుకోక తప్పకపోతే రెండు వరుసల మధ్య తేడా వచ్చినంత మేరకే తీసుకో, ఒకేసారి కాకుండా విడతలుగా ఇవ్వమని అడుగు, వడ్డీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో కాగితం మీద చూసుకో. గదిని చూడకుండా, ఒప్పందపత్రం లేకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకు. విశ్వవిద్యాలయపు హాస్టల్‌కు దరఖాస్తు గడువు దాటనివ్వకు.

డిపాజిట్ కట్టేముందు ఏ తేదీ వరకు మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారన్నది చదువు. 2020 మార్చిలో ఎందరో విద్యార్థులు సెమిస్టరు మధ్యలోనే ఇళ్ళకు తిరిగి రావలసి వచ్చినప్పుడు, ఎంత వెనక్కి వస్తుందన్నది వారు సంతకం చేసిన షరతుల మీదే చాలావరకు ఆధారపడింది. ఆరోగ్య బీమా ఉన్నంత మాత్రాన ప్రయాణం రద్దయితే డబ్బు వస్తుందనుకోకు, అది వేరే పాలసీ.

ఆ రెండు వరుసల కాగితం గీసి, ఫీజుల విభాగం ఇచ్చిన జవాబుతో పాటు వచ్చే ఆదివారంలోగా నాకు పంపు. ఏ నెలలో లోటు పడుతుందో ఇద్దరం కలిసి చూద్దాం, ఆ నెలకు నేనేమి సర్దగలనో అప్పుడు చెబుతాను. డిపాజిట్ మాత్రం అప్పటిదాకా కట్టకు.

ఇట్లు,
మీ మామయ్య