ఆరేళ్ల పిల్లవాడి గురకను ఎంతవరకు పట్టించుకోవాలి?

మీ ఆరేళ్ల బాబు దాదాపు ప్రతి రాత్రీ గురక పెడుతున్నాడనీ, ఇంట్లో పెద్దవాళ్లు అది ఒళ్లెరగని నిద్రేనంటున్నారనీ రాశారు. తిరుపతిలో మా అమ్మాయి విషయంలోనూ ఇదే మాట విన్నాము. జలుబు చేసినప్పుడు వచ్చే గురకకు కంగారు పడనక్కరలేదు గానీ, జలుబు లేకున్నా వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా వస్తుంటే తప్పక డాక్టరుకు చూపించండి.

నిద్ర చాలని పెద్దవాళ్లు కూర్చున్నచోటే కునుకుతారు. పిల్లల్లో చాలామంది అలా కాక, ఒకచోట నిలవకుండా, చిన్నదానికే చిరాకుపడుతూ, పాఠం మీద మనసు నిలపలేక ఉంటారు. మా పాప తరగతిలో కుదురుగా ఉండదని బడి నుంచి మాట వచ్చేది, ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఈ రెంటికీ గురకతో సంబంధం ఉండవచ్చని మాకు ఈఎన్‌టీ డాక్టరే వివరించారు. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే మెత్తని కణజాలం, గొంతులో టాన్సిల్స్ పెరిగి దారి ఇరుకైతే ఊపిరి కొన్ని క్షణాలు ఆగుతుంది, అప్పుడు మెదడు నిద్రను చెదరగొట్టి ఆ దారిని తెరిపిస్తుంది. బిడ్డ పూర్తిగా మేలుకోదు కనుక, రాత్రంతా హాయిగా పడుకున్నట్టే మనకు కనబడుతుంది.

పిల్లల్లో ఊపిరి ఇలా ఆగడం కలలు వచ్చే నిద్రలోనే ఎక్కువ, ఆ నిద్ర తెల్లవారుజాము వైపు ఎక్కువగా ఉంటుంది. అందువల్ల పడుకోబెట్టిన గంటకు చూసి నిశ్చింతపడవద్దు. మూడు, నాలుగు గంటల ప్రాంతంలో ముఖమూ ఛాతీ కనబడేలా, చొక్కా తీసి, ఫోనులో వీడియో తీయండి. గురక ఉన్నట్టుండి ఆగి, ఛాతీ ఎగసిపడుతున్నా గాలి ఆడక, ఆపై ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటే, ఆ వీడియోను తిరుపతి రుయా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలోనైనా, మీకు నమ్మకమున్న మరో చోటైనా చూపించండి. గురకపెట్టే పిల్లలందరికీ నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉండదు. కచ్చితంగా తేల్చేది, రాత్రి నిద్రలో ఊపిరి తీరును యంత్రాలతో నమోదు చేసే స్లీప్ స్టడీయే.

ఆపరేషన్ విషయంలో తొందరా వద్దు, భయమూ వద్దు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీయించుకున్నవారి ప్రవర్తన, నిద్ర బాగా మెరుగుపడ్డాయి. ఆపరేషన్ లేకుండా వేచిచూసినవారిలోనూ దాదాపు సగం మందికి ఏడు నెలల్లో స్లీప్ స్టడీ మామూలుగా వచ్చింది. జబ్బు కొద్దిగా ఉంటే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రేతో కొన్నాళ్లు చూడడమూ ఉంది. మా పాపకు ఆపరేషనే అవసరమైంది, తర్వాత గురకా పక్క తడపడమూ మానాయి. బిడ్డ లావుగా ఉంటే మాత్రం ఆపరేషన్ తర్వాతా కొంత సమస్య మిగలవచ్చు, కాబట్టి గురక తిరిగి వస్తే మళ్లీ పరీక్ష చేయించాలి.