లండన్ సెయింట్ మార్టిన్ చర్చి: టికెట్ లేకపోయినా చూడొచ్చు

అక్కా, కచేరీ టికెట్ లేకపోతే అమ్మను సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ లోపలికి రానివ్వరేమోనని అడిగారు కదా, ఆ టెన్షన్ అస్సలు వద్దు. ప్రార్థనలు, రిహార్సల్స్, కచేరీలు లేని వేళల్లో ఏ మతం వాళ్లైనా ఊరికే వెళ్లి కూర్చోవచ్చు. కాకపోతే ఆ వేళలు రోజుకో రకంగా ఉంటాయి, బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి.

నల్గొండ నుంచి వచ్చినప్పుడు మా నాన్నను తీసుకెళ్లాను. మెదక్ చర్చి రంగుటద్దాలు చూసిన మనిషి కదా, ఇక్కడ రంగుల్లేవేంటని అడిగి, తర్వాత తూర్పు కిటికీ ముందు చాలాసేపు కూర్చుండిపోయారు. 1726లో పూర్తయిన ఆ గోడలో 2008లో పెట్టిన తెల్లటి గాజు అది, మధ్యలో కోడిగుడ్డు ఆకారం, దాని చుట్టూ ఉక్కు గీతలు నీళ్లలో నీడలా వంగి ఉంటాయి. అమ్మకు తప్పకుండా చూపించండి.

మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి కింద నేలమాళిగలోని కేఫ్‌కు మెట్లు దిగొద్దు, పక్కన గాజు మంటపంలో లిఫ్ట్ ఉంది. ఆ కేఫ్‌లో నేలంతా పాత సమాధి రాళ్లే, అమ్మకు ముందే చెప్పండి. సాయంత్రం కచేరీకి మాత్రం టికెట్ ముందే కొనండి.